నా పేరు కింద మూడు గీతలు

మొన్న శనివారం పొద్దున ఫోన్ వచ్చింది, మాష్టారు పోయారని. తొంభై దాటిన మనిషి, ఆరు నెలలుగా మంచం మీదే ఉన్నారు, కాబట్టి ఎవరం పెద్దగా ఉలిక్కిపడలేదు. ఫోన్ చేసినతను చివర్లో, "మీరు ఆయనకి బాగా క్లోజ్ కదండీ, ఫ్యునరల్ హోమ్‌లో మీరే రెండు మాటలు మాట్లాడాలి," అన్నాడు. తప్పకుండా అన్నాను. తప్పకుండా అన్న మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వస్తుందో ఈ భూమ్మీద బాగా తెలిసిన మనిషి ఆయనే.

నిజానికి ఆయన మాలో ఎవరికీ మాష్టారు కాదు. ఇండియాలో ఉండగా రెండేళ్ళు ఏదో కాలేజీలో లెక్కలు చెప్పారట, ఆ పేరు సముద్రం దాటి వచ్చింది. ఇక్కడ డెట్రాయిట్ పక్కన, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. మాకంటే పదేళ్ళు ముందు, చదువుకోవడానికి వచ్చి ఉండిపోయినవారు. ఎదురుగా మాష్టారూ అనేవాళ్ళం. చాటున మాత్రం ఎమ్మెల్యే గారు అని నవ్వుకునేవాళ్ళం. ఎందుకంటే డెబ్బైల చివర్లో ఒకసారి, ఎనభైల మొదట్లో ఒకసారి ఆయన మిషిగన్ శాసనసభకి నిలబడి, రెండుసార్లూ ఓడిపోయారు. ఎనభైల మధ్యలో మా ఊరి బడుల్ని నడిపే స్కూల్ బోర్డుకి నిలబడి అదీ ఓడిపోయారు. "ఎమ్మెల్యే గారు వస్తున్నారు, సంతకాలు రెడీ చేసుకోండి," అని ఎవరో ఒకరు అనేవారు, ఆయన కారు మా వాకిట్లో ఆగగానే. నేనూ అన్నాను. బాగా అన్నాను కూడా, అందరూ నవ్వేవారు.

మనిషి పొట్టి. చొక్కా జేబులో కళ్ళజోడు పెట్టె ఉండాల్సిన చోట ఓటరు రిజిస్ట్రేషన్ కార్డుల కట్ట ఉండేది, దానికి రబ్బరు బ్యాండు. పెళ్ళిరోజు విందైనా, సత్యనారాయణ వ్రతమైనా, పెరుగన్నం దాకా ఆగేవారు. పెరుగన్నం కలుపుకుంటూ పక్కవాడి వైపు తిరిగి, "రిజిస్టర్ అయ్యావా?" అనేవారు. అది ఆయన కుశలప్రశ్న. మా పిల్లలు బేస్‌మెంట్‌లో ఆడుకుంటూ ఆయన గొంతు పెట్టి, "రిజిస్టర్ అయ్యావా, నాయనా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటే మేం పైన కడుపుబ్బ నవ్వేవాళ్ళం.

పేరు కుదించుకోమని అందరం చెప్పాం. అమెరికా వాళ్ళకి నోరు తిరిగేలా ఏ శామ్ అనో పెట్టుకోమన్నాం. ఒప్పుకోలేదు. ఇంటిపేరుతో సహా మొత్తం రాయించేసరికి, ఇళ్ళ ముందు పాతే ప్రచారం బోర్డు మీద అక్షరాలు చీమలంత అయ్యాయి. "మాష్టారూ, నలభై మైళ్ళ స్పీడులో పోయేవాడికి ఇది కనబడదండీ," అన్నాను. "ఆగి చదివేవాడే ఓటేస్తాడయ్యా," అన్నారు.

ఒక శనివారం ఆయనతో ఇల్లిల్లూ తిరిగాను. అక్టోబరు, ఆకులు రాలుతున్నాయి. ప్రతి గుమ్మం దగ్గరా ఆయన చేసే పని చూసి నాకు చెమటలు పట్టాయి. తలుపు తీసినవాళ్ళు మర్యాదకి లోపలికి రమ్మనగానే ఆయన వంగి బూట్ల తాళ్ళు విప్పేవారు. ఒక ముసలావిడ అక్కర్లేదు, అక్కర్లేదు అని ఇంగ్లీషులో మొత్తుకుంటున్నా వినకుండా బూట్లు పక్కన పెట్టి, మేజోళ్ళతో ఆవిడ తివాచీ మీదికి నడిచారు. కుడికాలి మేజోడు చిరిగి బొటనవేలు బయటికొచ్చి ఉంది. నేను బూట్లతోనే గుమ్మంలో నిలబడిపోయాను. ఆయన సోఫా అంచున కూర్చుని తన ఒకే ఒక్క పాట మొదలుపెట్టారు. సిక్స్‌టీన్ మైల్ రోడ్డు పక్కన కాలిబాట లేదు. చలికాలం స్కూలు బస్సు వచ్చే వేళకి ఇంకా తెల్లారదు. పిల్లలు మంచు గుట్టల మీద నిలబడుతున్నారు, కార్లు పక్కనుంచి పోతున్నాయి. "పిల్లలు నిలబడడానికి ఇంత చోటు అడుగుతున్నాను. అంతే," అని రెండు అరచేతులూ చాపి చూపించేవారు. శాసనసభకి నిలబడినా అదే, స్కూల్ బోర్డుకి నిలబడినా అదే. ముసలావిడ ఆ బొటనవేలు వైపు చూస్తూ తల ఊపింది. బయటికొచ్చాక, "ఆవిడ వేస్తుందయ్యా," అన్నారు. ఆ రోజు నేను సిగ్గుపడింది ఆయన్ని చూసి. ఎంత బుద్ధిలేని సిగ్గు.

మొదటిసారి ఆయన నిలబడినప్పుడు మేమంతా తప్పకుండా మీకే వేస్తామని మాటిచ్చాం. మనవాళ్ళకి తప్పకుండా అన్న మాట కాఫీ లాంటిది, ఇంటికొచ్చినవాళ్ళకి ఇచ్చి పంపేదే. మేం ఇచ్చిన మాటల్లో ఒక చిన్న లోపం ఉంది. మాలో దాదాపు ఎవరికీ అప్పటికి సిటిజన్‌షిప్ లేదు. ఆయన పకపకా నవ్వి, "మీకు ఓటే లేదు కదయ్యా, ఏం వేస్తారు? ముందు సిటిజన్లు అవ్వండి," అన్నారు. ఓడిపోయాక ఆ పని మీదే పడ్డారు. ఆదివారాలు వాళ్ళింట్లో, ఒక పక్క అక్కయ్యగారు, అంటే ఆయన భార్య, పునుగులు వేస్తుంటే ఇంకో పక్క ఈయన మా చేత రాజ్యాంగం వల్లె వేయించేవారు.

సిటిజన్‌షిప్‌కి అప్పట్లో ఇద్దరు సాక్షులు కావాలి, మన గురించి ప్రమాణం చేసి చెప్పడానికి. నాకు ఒక సాక్షి ఆయనే. ఆఫీసుకి సెలవు పెట్టి, తన కారులో డౌన్‌టౌన్‌కి తీసుకెళ్ళారు. అక్కడి ఆఫీసరు ఆయన్ని నా ఎదురుగానే అడిగాడు, ఇతను ఎలాంటి మనిషి అని. మాష్టారు కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఇతను మాట తప్పే మనిషి కాడు. నాకు తెలుసు," అని ఇంగ్లీషులో చెప్పారు. ఆయన ఇంగ్లీషులో లెక్కల క్లాసు వాసన ఉండేది, ప్రతి మాటా బోర్డు మీద రాస్తున్నట్టు పలికేవారు. ప్రమాణం అయిన రోజు మెట్లు దిగుతుంటే జేబులోంచి కార్డు తీసి పెన్నుతో సహా నా చేతిలో పెట్టారు. ఆయన వీపు మీద పెట్టుకుని సంతకం చేశాను. ఆయన వంగి నిలబడ్డారు.

రెండోసారి శాసనసభకి నిలబడినప్పుడు ఆయనకి ఓటేశాను. ఆ మాట చెప్పుకోవడానికి నాకు హక్కుంది, అందుకే చెబుతున్నాను. ఆ ఎన్నికలో ఆయన చిత్తుగా ఓడిపోయారు, నా ఓటు ఉన్నా లేకపోయినా ఒకటే. నా ఓటు అవసరమైన ఎన్నిక ఇంకోటి ఉంది.

స్కూల్ బోర్డు ఎన్నిక వచ్చేనాటికి మా ఊరి గాలి మారింది. కార్ల ఫ్యాక్టరీల్లో మనుషుల్ని తీసేస్తున్నారు. జపాన్ కార్లే ఉద్యోగాలు తినేస్తున్నాయని జపాన్ వాళ్ళ మీద పుట్టిన కోపం కాస్త రంగు తేడా ఉన్న ప్రతి ముఖం మీదికీ మళ్ళుతోంది. షాపింగ్ మాల్ పార్కింగ్‌లో మా ఆవిడని ఎవరో ఏదో అన్నారు, ఆవిడ వారం రోజులు ఆ మాట నాకు చెప్పలేదు. అలాంటి రోజుల్లో మాష్టారు సుత్తి, బోర్డు పట్టుకొచ్చి మా లాన్ మధ్యలో పాతి వెళ్ళారు. తప్పకుండా పెట్టండి అని నేనే అన్నాను మరి. ఆ వారాంతం మా బాస్ భోజనానికి వస్తున్నాడు. శుక్రవారం సాయంత్రం బోర్డు పీకి గరాజులో మంచు తోసే పార వెనకాల పెట్టాను. బాస్ వెళ్ళాక మళ్ళీ పెడదామనుకున్నాను. పెట్టలేదు.

మంగళవారం ఆయన వచ్చారు. "బోర్డు ఏదయ్యా?"

"గాలికి పడిపోయిందండీ. ఎటు కొట్టుకుపోయిందో."

గరాజు తలుపు బార్లా తీసి ఉంది. ఆయన అటు చూశారో లేదో నాకిప్పటికీ తెలియదు. కారు దగ్గరికి వెళ్ళి ఇంకో బోర్డు తెచ్చారు. దీని కర్రలు పొడుగు. మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు కొట్టారు, లేచి ప్యాంటుకి అంటిన మట్టి దులుపుకుని, "ఈసారి గాలికి పడదులే," అన్నారు. దాన్ని పీకడం నిజంగానే కష్టమైంది.

అంతకంటే సిగ్గుమాలిన విషయం ఇంకోటి చెప్పాలి. ఎన్నికకి ముందు శనివారం ఒక మిత్రుడింట్లో కలిశాం, వీసీఆర్‌లో తెలుగు సినిమా చూడడానికి. సినిమా మధ్యలో ఎవరో మాష్టారి మాటెత్తారు. ఇంటాయన సిగరెట్ ఆర్పుతూ, "ఆయన మనవాళ్ళు కాదు కదా. వాళ్ళవాళ్ళు వేస్తార్లే," అన్నాడు. వాళ్ళవాళ్ళు అంటే కులం. ఎనిమిది వేల మైళ్ళు విమానంలో వచ్చి, మాష్టారి చేత సాక్ష్యం చెప్పించుకుని సిటిజన్లమై, మేం ఆ గదిలో కూర్చుని మాట్లాడుకున్నది అది. నేను కాదని అనలేదు, అవునని కూడా అనలేదు. ఆ తర్వాత తెలిసింది, సరిగ్గా అదే శనివారం మాష్టారి కులంవాళ్ళ ఇంకో ఇంట్లో, "ఆయన మనల్ని ఎప్పుడు దగ్గరికి తీశాడు, అందరివాడిలా తిరుగుతాడు, ఆ అందరే వేసుకోనీ," అనుకున్నారని.

జూన్‌లో ఒక సోమవారం ఎన్నిక. ఆఫీసు నుంచి వస్తూ మా పోలింగ్ జరిగే ఎలిమెంటరీ స్కూలు ముందు నుంచే డ్రైవ్ చేశాను. కార్లు నాలుగైదు ఉన్నాయి, అంతే. కారు నెమ్మది చేశాను. ఎండగా ఉంది, ఆకలిగా ఉంది, మాష్టారు ఎలాగూ ఓడిపోతారు, నా ఒక్క ఓటుతో ఏమవుతుంది అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ గుమ్మంలో మా వీధివాళ్ళు ఎవరైనా కనబడి, నేను ఎవరి కోసం వచ్చానో ముఖం చూసి పసిగడతారేమోనని జంకాను. ఇంటికెళ్ళి లాన్‌కి నీళ్ళు పెట్టాను.

ఆయన ఓడిపోయారు. కానీ చిత్తుగా కాదు. ఆ ఉగాదికి మా డిన్నర్‌లో వేసిన విస్తళ్ళు ఎన్నో, అంతకంటే తక్కువ ఓట్లతో ఓడిపోయారు. పేపరు విస్తళ్ళు నేనే కొన్నాను కాబట్టి నాకు గుర్తుంది. ఎవరో తెలియని అమెరికా వాళ్ళు, ఆ బొటనవేలు చూసిన ముసలావిడ లాంటివాళ్ళు, ఆయన్ని గుమ్మం దాకా మోసుకొచ్చారు. గుమ్మం దాటించాల్సింది మేము.

ఆయనే నాకు ఫోన్ చేశారు, పలకరించడానికి. "పొద్దున ఏడింటికల్లా వెళ్ళి వేసేశానండీ, ఆఫీసుకి వెళ్ళేముందే," అన్నాను. అడగకుండానే చెప్పాను. "చాలా సంతోషమయ్యా," అన్నారు.

ఆ వారం మా ఊరి చిన్న పత్రికలో ఆయన మాటలు వేశారు. ఓడిపోయినందుకు బాధగా ఉందా అని అడిగితే, మా వాళ్ళందరూ నా వెంట నిలబడ్డారు, నాకది చాలు అన్నారట. మేం ఒకరికొకరు ఫోన్ చేసుకుని ఆ ముక్క చదివి వినిపించుకున్నాం. నిజం చెప్పొద్దూ, గుండెల మీద బరువు దిగింది. ఆయనకి తెలియలేదు అనుకున్నాం. అసలు తెలిసే మార్గం ఉంటుందని మాలో ఒక్కరికీ తోచలేదు. ఓటు రహస్యం అని ఆదివారాలు ఆయన వల్లె వేయించిందే కదా.

ఆ ఆదివారం పత్రిక తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను, ఓదార్చడానికి. అక్కయ్యగారు తలుపు తీసి, కూర్చోమని లోపలికి వెళ్ళారు. భోజనాల బల్ల మీద ఒక కాగితాల దొంతర ఉంది. కంప్యూటర్ అచ్చు, పక్కన చిల్లులున్న ఆకుపచ్చ గీతల కాగితం. ఊరికే చూశాను. పేర్లు, అడ్రసులు. మధ్యమధ్య మన పేర్లు. కొన్ని పేర్ల కింద పెన్సిల్ గీతలు. ఆ శనివారం మాకు సినిమా వేసినవాడి పేరు కింద గీత. మాలో ఒక డాక్టరుగారి పేరు కింద, ఆయన భార్య పేరు కింద గీత. మాష్టారి కులంవాళ్ళ పేర్ల కింద కూడా గీతలు. పేజీ తిప్పాను. నా పేరు కింద మూడు గీతలున్నాయి, ఒకదాని కింద ఒకటి.

ఎవరికి వేశామన్నదే రహస్యమని, వచ్చామా రాలేదా అన్నది రహస్యం కాదని, ఎన్నికయ్యాక అడిగినవాళ్ళకి ఎన్నికల గుమస్తా వచ్చినవాళ్ళని గుర్తుపెట్టిన ఆ జాబితా ఇస్తాడని నాకు అప్పుడు, ఆ బల్ల దగ్గర నిలబడి ఉండగా అర్థమైంది. తలెత్తేసరికి మాష్టారు వంటింటి గుమ్మంలో ఉన్నారు, చేతిలో రెండు కప్పులు. ఎంతసేపటి నుంచి ఉన్నారో.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో దేవుడికే తెలియాలి.

"సోమవారం నీకు ఒంట్లో బాగోలేదు కదూ," అన్నారాయన. "జ్వరమని ఎవరో అన్నారు. ఇప్పుడెలా ఉంది?"

నాకు జ్వరమని ఎవరూ అనలేదు. ఏడింటికే వేశానని నేనే చెప్పాను. ఆయన కప్పు నా ముందు పెట్టి, కాగితాల దొంతర తీసి బల్ల కింద పెట్టారు. నేను, "తగ్గిందండీ," అన్నాను. కాఫీ తాగాను. చక్కెర సరిపోయిందా అని అడిగితే సరిపోయిందన్నాను.

ఆ మూడు గీతలు నన్ను వదల్లేదు. అందరికీ ఒకటి, నాకు మూడెందుకు? కోపం అనుకున్నాను. నా మంచితనానికి ప్రమాణం చేసి చెప్పిన మనిషి, కోపం ఉంటుంది కదా అని. ఆ కోపం పైకి ఎప్పుడైనా వస్తే బావుండుననిపించేది. రాలేదు. ఎప్పటిలాగే విందులకి వచ్చేవారు, పెరుగన్నం దాకా ఆగేవారు, పక్కవాళ్ళని రిజిస్టర్ అయ్యావా అని అడిగేవారు. నన్ను మాత్రం మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు నుంచి నేను ఒక్క ఎన్నిక వదల్లేదు. మురుగుకాలవల కమిషనర్ని ఎన్నుకునే ఎన్నికకి కూడా మంచులో వెళ్ళి ఓటేశాను. ఆ సంగతి ఆయనకి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. చెబితే ఆ సోమవారం గురించి కూడా చెప్పాలి. ఆయన మళ్ళీ ఎన్నికలకి నిలబడలేదు. కొన్నేళ్ళకి సిక్స్‌టీన్ మైల్ రోడ్డు పక్కన కాలిబాట వేశారు. సాయంత్రాలు ఆయన దాని మీద నడుస్తూ కనబడితే నేను కారు ఆపకుండా చెయ్యి ఊపేవాణ్ణి.

ఫ్యునరల్ హోమ్‌లో రెండు మాటలు మాట్లాడాను. బాగానే మాట్లాడానన్నారు. బూట్లు విప్పడం చెప్పాను, ఆగి చదివేవాడే ఓటేస్తాడన్న మాట చెప్పాను, జనం తడి కళ్ళతో నవ్వారు. తర్వాత కాఫీ దగ్గర ఆయన మనవరాలు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, దగ్గరికొచ్చింది. పక్కన చక్రాల కుర్చీలో అక్కయ్యగారు ఉన్నారు.

"అంకుల్, తాతగారు రన్ చేసినప్పుడు మీరందరూ సపోర్ట్ చేశారా?" అని అడిగింది, వచ్చీరాని తెలుగులో.

"ఆఫ్‌కోర్స్ అమ్మా. అందరం వేశాం," అన్నాను.

తేలిగ్గా వచ్చేసింది, ఎప్పటిలాగే. ఆ పిల్ల సంతోషించి ఎవరో పిలిస్తే అటు వెళ్ళింది. అక్కయ్యగారు నావైపు చూడలేదు, ఒళ్ళో ఉన్న శాలువా సర్దుకుంటున్నారు. నా వయసు ఎనభైకి దగ్గర. ఇంకెప్పుడు చెబుతాను అనిపించింది. కుర్చీ పక్కన వంగాను.

"అక్కయ్యగారూ, నేను వెయ్యలేదండీ. ఆ స్కూల్ బోర్డు ఎలక్షన్‌లో. ఏడింటికి వేశానని మాష్టారికి అబద్ధం చెప్పాను."

"తెలుసు నాయనా," అన్నారావిడ. "ఆ గీతలు గీసింది నేనే."

పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆయనకి ఆ చిన్న అక్షరాలు కనబడేవి కావు. ఆయన పేర్లు చెబుతుంటే నేను వెతికి, రానివాళ్ళకి గీత పెట్టేదాన్ని. నీ పేరు దగ్గర రాలేదని చెబితే ఒప్పుకోలేదు. సరిగ్గా చూడలేదు నువ్వు, మళ్ళీ చూడు అన్నారు. మళ్ళీ చూసి గీత పెట్టాను. కాదు, వాడు వేశాడు, వాడు నాతో చెప్పాడు, ఇంకోసారి చూడు అన్నారు."

ఆవిడ శాలువా కొస వేళ్ళకి చుట్టుకున్నారు.

"మూడుసార్లు చూశాను, నాయనా."